పదిహేడో వరస ఒక్కపొద్దు

మొదటి రోజు

వరస పెద్ద పేరు: పెంచలమ్మ. వయసు: యాభై మూడు. చదువు: పదో తరగతి. పని: నీళ్లపట్నంలో ఉప్పు జల్లెడలు కడగడం, పద్నాలుగేళ్లు. వరస: పదిహేడు. మనుషులు: పన్నెండు మంది. జ్వరం: ఎవరికీ లేదు. కంకణాలు: అన్నీ ఆకుపచ్చ.

ఇంతవరకూ మీరు అడిగినవి. ప్రతి వరసకూ ఒకరిని పెద్దగా పెట్టి, రోజూ రాత్రి తొమ్మిదిలోపు ఈ పలక మీద చిట్టా రాసి పంపమని తీర కేంద్రం ఆజ్ఞ. ప్రశ్నలన్నీ అయిపోయాక అడుగున 'ఇతర విషయాలు' అని ఒక గడి ఖాళీగా ఉంది. ఎంత రాసినా పెరుగుతూనే ఉంది. పద్నాలుగేళ్లు నోరు మూసుకుని సముద్రపు నీళ్లు వడగట్టే జల్లెడలు కడిగాను. ఇప్పుడు రాసుకోమని గడి ఇచ్చారు కాబట్టి రాస్తాను. చదివితే చదవండి, లేకపోతే మానండి.

మమ్మల్ని ఇంటికి తీసుకుపోతున్న ఈ విమానాన్ని అందరూ గుమ్మడికాయ అంటున్నారు. దీనికి రెక్కలు లేవు. గాలి నింపిన పెద్ద పొట్ట, దాని కింద ఇరవై నాలుగు గదులు. ఒక్కో గది ఒక్కో వరస. ఎండతో నడుస్తుంది, ఎద్దులబండి కంటే కొంచెం నయం. పూర్వం నీళ్లపట్నం నుంచి నాలుగున్నర గంటల్లో ఇల్లు చేరేవాళ్లట. ఇప్పుడు పంతొమ్మిది రోజులు. కావాలనే మెల్లగా నడుపుతారు. ఒంట్లో తీపిజ్వరం ఉంటే ఈ పంతొమ్మిది రోజుల్లో గాలిలోనే బయటపడాలి, నేల మీద కాదు. అదీ లెక్క.

ఆ జ్వరం వచ్చినవాళ్ల ఊపిరి మాగిపోయిన పనసపండు వాసన వేస్తుంది. అందుకే ఆ పేరు. పొద్దున, సాయంత్రం మణికట్టు కంకణాన్ని నోటి దగ్గర పెట్టుకుని ఊదాలి. ఆకుపచ్చ అయితే మనిషి. పసుపు అయితే అనుమానం. ఎరుపు అయితే బుట్ట. పన్నెండో రోజు దారిలో వేరుదీవి వస్తుంది. ఎర్ర కంకణం వాళ్లను బుట్టలో కూర్చోబెట్టి తాడుతో అక్కడ దించేస్తారు. అక్కడ జబ్బు మనుషులు వందల మంది ఉన్నారట. జబ్బు లేకుండా దిగినా రెండు రోజుల్లో అంటుకుంటుంది. దిగినవాళ్లు తిరిగి వచ్చారని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

నా పక్క పడక ఖాసింబీది. రాయచోటి మనిషి, నలభై ఏడేళ్లు. తొమ్మిదేళ్లుగా ఒకే జల్లెడకు ఆ కొస ఆమె, ఈ కొస నేను. ఎదుటి పడక ఓబులేసుది. పుల్లంపేట పిల్లోడు, ముప్పై ఏళ్లుంటాయి, నీళ్లపట్నం రేవులో క్రేను నడిపేవాడు. వాడికి రెండేళ్ల కూతురుంది, ఇంతవరకూ ఎత్తుకోలేదు. ఎక్కినప్పటి నుంచి ఆ పిల్ల ఫొటో అందరికీ చూపిస్తున్నాడు.

"అక్కా, ముక్కు సూడు. అచ్చం నా ముక్కే."

"నీ ముక్కు వస్తే ఆడబిడ్డ గతేం కానురా?" అన్నాను. వరసంతా నవ్వింది. ఖాసింబీ కూడా నవ్వింది.

మూడో రోజు

జ్వరం: లేదు. కంకణాలు: ఆకుపచ్చ. మరుగుదొడ్డి నేను, ఖాసింబీ కడిగాం. మగవాళ్లకు చీపురు ఏ వైపు పట్టుకోవాలో తెలియదట. రేపు నేర్పిస్తాను.

గదుల మధ్య తలుపులు మూసేశారు. పక్క వరసలో ఎవరున్నారో తెలియదు, దగ్గు కూడా వినిపించదు. గోడ పక్కన తిండి పట్టా ఒకటి మాత్రం అన్ని గదుల గుండా గానుగెద్దులా తిరుగుతుంది. ఎనిమిదికి, ఒంటిగంటకు, సాయంత్రం ఏడుకు మూత పెట్టిన డబ్బాలు వస్తాయి. అరగంటలో తిరిగి పెట్టేయాలి, దాచుకోవడానికి వీల్లేదు. డబ్బాలో నాచుపిండి ముద్ద, దాని మీద ఎర్రగా ఏదో. దాన్ని కారం అంటున్నారు. మా కోడూరు మిరపకాయ వింటే పరువు నష్టం దావా వేస్తుంది.

పోయిన రంజానులో జబ్బు పడి ఖాసింబీ పదకొండు ఒక్కపొద్దులు విడిచిపెట్టింది. మళ్లీ రంజాను వచ్చేలోపు అవి తీర్చుకోవాలి. జల్లెడల దగ్గర ఆ వేడికి కుదరలేదు. ఇక్కడ పనీ పాటా లేదు కదా అని మొదటి రోజు నుంచే మొదలుపెట్టింది. తెల్లవారకముందు తిందామంటే ఇక్కడ ఆ వేళకు ఏమీ రాదు. రోజుకు ఏడు గంటల డబ్బా ఒక్కటే తింటోంది.

"ఏమ్మే, నీళ్లన్నా తాగకుంటే ఎట్లా?" అన్నాను.

"నువ్వు శనివారం ఒక్కపొద్దులు ఇడిసిపెట్టినావా అక్కా?"

"నేను వారానికి ఒక పూట మానేస్తా. నువ్వు పదకొండు శనివారాలు వరసబెట్టి చేస్తాండావు."

"నాది పాత బాకీ అక్కా. నీ దేవుడు వారం వారం కంతుల్లో తీసుకుంటాడులే" అని నవ్వింది.

మీ ఐదో ప్రశ్న: వరసలో ఎవరైనా ఆహారం నిరాకరిస్తున్నారా? 'అవును' నొక్కి ఖాసింబీ పేరు రాశాను. అబద్ధం రాయాల్సిన అవసరం నాకేముంది? ఎందుకు తినడం లేదో ఇక్కడ రాశాను. గౌరవంగా చదువుకోండి.

ఆరో రోజు

రెండు రోజులుగా మబ్బు పట్టింది. ఎండ లేదు కాబట్టి వంటింటికి కరెంటు తగ్గించారట. డబ్బాలో సగం ముద్దే వస్తోంది. మూత మాత్రం పూర్తిగానే ఉంది.

సాయంత్రం ఊదినప్పుడు ఖాసింబీ కంకణం పసుపు అయింది.

ఓబులేసు లేచి తన దుప్పటి తీసి, తన పడకకూ ఆమె పడకకూ మధ్య అడ్డంగా కట్టాడు. పొద్దున వాడికి తల తిరుగుతోందంటే కణతలు నొక్కింది ఆమే.

"ఏం రా అది?" అన్నాను.

"తప్పుగా అనుకోవద్దు అక్కా. ఎర్ర కంకణం ఒక్కటి లోపలుంటే రేవులో ఎవుర్నీ దిగనియ్యరంట. మల్ల ఇంగో పంతొమ్మిది రోజులు గాల్లో తిప్పుతారంట. నా బిడ్డ…"

"నీ బిడ్డ మీద ఒట్టేసి చెప్పు, ఆమెకు జ్వరం ఉండాదని."

వాడు దుప్పటి ముడి ఇంకా బిగించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తెరకు ఇవతల కూర్చుని ఖాసింబీ జపమాల తిప్పుకుంటోంది. "తిట్టొద్దక్కా, బిడ్డతండ్రి" అంది. ఆమె మంచితనం చూస్తే ఒక్కోసారి నాకు ఆమె మీదే కోపం వస్తుంది.

ఎనిమిదో రోజు

ఎరుపు.

విమానం ఆరోగ్యాధికారి భానుమూర్తి మా గది తలుపుకున్న అద్దం అవతలికి వచ్చాడు. కాకినాడ వైపు మనిషి. ఎవరినీ అండీ లేకుండా పిలవడు. మనిషిని బుట్టలో పెట్టి వదిలేటప్పుడు కూడా అండీ అనే వదులుతాడు కాబోలు.

"ఖాసింబీగారండీ, ఊపిరిలో వాసన దొరికిందండీ. ఆహారం నిరాకరిస్తున్నారని మూడో రోజే నమోదైందండీ. ఈ రెండూ కలిస్తే తీపిజ్వరమని కేంద్రం ఖాయం చేసేస్తుందండీ. పన్నెండో రోజు పొద్దున్న దించాలండీ."

"ఎవురు నమోదు చేసినారు?" అని అరిచాను.

"తమరేనండీ."

"ఒక్కపొద్దు అని కింద రాసినా కదా! ఎందుకు తినల్యాదో అంతా రాసినా కదా!"

"కింది గడి ఎవరూ చదవరండీ. పైన గళ్లే యంత్రం చూస్తుందండీ."

అయితే నేను ఎనిమిది రోజులుగా గోడకు చెబుతున్నాను. పైన నొక్కిన ఒక్క 'అవును' ఒక మనిషిని చంపడానికి సరిపోయింది. నా చేత్తో నొక్కాను. గొప్పగా, నిజం రాస్తున్నానని పొంగిపోతూ నొక్కాను.

ఖాసింబీ కాళ్ల దగ్గర కూర్చున్నాను. "నువ్వు నిజమే రాసినావు కదక్కా" అంది. రెండు దెబ్బలు కొట్టి ఉంటే ఇంతకంటే బాగుండేది.

ఒంటిగంట డబ్బా వచ్చినప్పుడు, ఒక్కపొద్దు విడిచెయ్యమని బతిమాలాను. "పాణం మీదికి వస్తే ఇడవొచ్చక్కా, తప్పు లేదు" అంటూనే చాలాసేపు డబ్బా వంక చూస్తూ ఉండిపోయింది. అది ఎనిమిదో ఒక్కపొద్దు. తర్వాత మూత తీసింది. తింటూ ఒక మాట చెప్పింది. ఒక్కపొద్దు ఉన్నవాళ్ల నోటి వాసన దేవుడికి కస్తూరి కంటే ఇష్టమట.

దేవుడికి నచ్చిన వాసన మీ కంకణానికి నచ్చలేదు. ఈ మాట నన్ను వదలడం లేదు.

తొమ్మిదో రోజు

నిన్న మధ్యాహ్నం నుంచి ఖాసింబీ ప్రతి పూటా తింటోంది. నా డబ్బాలో సగం కూడా బలవంతాన పెట్టాను. పొద్దున కంకణం పసుపు. మధ్యాహ్నానికి ఆకుపచ్చ. అద్దం పగిలేలా కొట్టి భానుమూర్తిని పిలిచాను.

"తీపిజ్వరం దాక్కుంటుందండీ. ఒకసారి ఎర్రబడితే ఎర్రబడినట్టేనండీ."

"దాక్కునే జ్వరానికి తిండి పెడితే పోతాదా?"

ఆయన చేతిలో కాగితాలు సర్దుకున్నాడు. అండీ కూడా లేదు.

అప్పుడు తెర వెనక నుంచి ఓబులేసు వచ్చాడు. వాడికి గాలిప్రయాణం పడక రెండు రోజులుగా వాంతులు. చెయ్యి చాచి చూపించాడు. కంకణం పసుపు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, నాకూ అంటుకునింది. ఆమె దగ్గర్నించే."

"నోరు తెరువురా."

"ఆఁ?"

"తెరువ్!"

వాసన చూశాను. మాగిన పనసపండు. ముక్కుకు కొత్త వాసన కాదు అది. శనివారం సాయంత్రాలు మా అమ్మ వంగి నాకు జడ వేస్తున్నప్పుడు వచ్చిన వాసన, తిండి లేక కడుపు ఖాళీగా ఉన్న మనిషి నోటి వాసన.

"అన్నం ఎప్పుడు తిన్నావు?"

"మొన్న పొద్దున. తిన్నది తిన్నట్టే పాయె."

ముద్దను మా నీళ్ల సీసాలో కలిపి, ఉప్పు వేసి, గంజిలా చేసి చెంచా చెంచా పోశాం. పోసింది ఖాసింబీ. వాడు వద్దనలేదు. గంటకొకసారి కొంచెం కొంచెం. ఇప్పుడే ఊదాడు. పసుపు వెలిసిపోయి ఆకుపచ్చ వచ్చింది. చాలాసేపు మణికట్టు వంక చూసుకున్నాడు. తర్వాత వెళ్లి తెర విప్పి, దుప్పటి మడిచి, తల కింద పెట్టుకుని అటు తిరిగి పడుకున్నాడు.

భానుమూర్తిని మళ్లీ పిలిచి చెప్పాను. మీ కంకణానికి జ్వరానికీ ఆకలికీ తేడా తెలియదని. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

"అయ్యుండొచ్చేమోనండీ. కానీ ఇద్దరు మనుషులు రుజువు కాదండీ. కేంద్రం లెక్కలో ఒకరు రోగి, ఇంకొకరు అనుమానమేనండీ."

"ఎంతమంది కావాల?"

"నేనెలా చెప్తానండీ?"

చెప్పకపోతే పీడా పోయె. నేనే తేలుస్తాను.

పదో రోజు

ఐదో ప్రశ్నకు జవాబు: అవును. పది మంది. పేర్లు రాయను. మీ యంత్రం పైన గళ్లే చదువుతుంది కదా, ఈ అంకె చదువుకోమనండి.

పొద్దున వరసను కూర్చోబెట్టి చెప్పాను. మన మనిషి ఊరికే చావబోతోంది. మనం తిండి మానేద్దాం. ఆరోగ్యంగా ఉన్న మన కంకణాలు కూడా ఎర్రబడితే అబద్ధం బయటపడుతుంది. సగం తిండి మీద ఉన్నాం కాబట్టి రెండు రోజులు చాలు.

ఓబులేసు లేచాడు. వాడు కాదంటాడనుకున్నాను.

"అక్కా, బుట్టలో పన్నెండు మంది పడతారు. మనమూ పన్నెండు మందే. మనమొక్కళ్లమే ఎర్రబడితే వరసకు వరస దించేసి చేతులు దులుపుకుంటారు. బుట్ట చాలనంత మంది కావాల."

నాకు తట్టలేదది. క్రేను నడిపినవాడికి బుట్ట కొలత తెలుస్తుంది.

ఖాసింబీ ఒప్పుకోలేదు. "నా కోసం ఇంతమందా? వద్దక్కా. నేను దిగిపోతా. నాకు ఎదురుచూసే బిడ్డలు గూడా లేరు."

"గమ్మునుండు మే! నీ కోసం అని ఎవురన్నారు? ఆ 'అవును' నొక్కింది నేను. నా చెయ్యి కడుక్కోవాల. నువ్వు అడ్డం రావద్దు."

ఇక్కడొక తిరకాసు ఉంది. ఖాసింబీ మాత్రం తినాలి, వాళ్లు రోగి అన్న ఆమె కంకణమే ఆకుపచ్చగా ఉండాలి. షుగరున్న సుబ్బన్న తాత తినాలి. మిగతా పది మందిమి మానాలి.

పక్క వరసలకు చెప్పేదెట్లా? నోరు పోదు, కాలు పోదు. పట్టా పోతుంది. ఓబులేసు దగ్గర బరువుల మీద గుర్తులు పెట్టే పెన్సిలు ఉంది. నిండు డబ్బాలను అలాగే తిరిగి పెట్టేస్తూ మూతల మీద రాశాం:

'పదిహేడో వరస. మాకు జబ్బు లేదు. తిండి మానితే కంకణం ఎర్రబడుతోంది, చూశాం. ఎల్లుండి ఒక ఆడమనిషిని ఊరికే వేరుదీవిలో దించబోతున్నారు. తర్వాత మీ మనిషి కావచ్చు. ఒక్కపొద్దు ఉండండి. పిల్లలు, గర్భిణులు, షుగరున్నవాళ్లు తినాలి. అందరూ నీళ్లు తాగండి.'

మధ్యాహ్నం ఏమీ రాలేదు. సాయంత్రం పట్టా మీద రెండు మూతలు వచ్చాయి. ఒకదాని మీద: 'ఇరవై ఒకటి. సరే.' రెండోదాని మీద: 'తొమ్మిదో వరస. మీరెవరో మాకు తెలియదు. మాకు పసిపిల్లలున్నారు. మమ్మల్ని ఇంటికి పోనివ్వండి.'

వాళ్లను తప్పు పట్టలేను. నాలుగు రోజుల కిందట మా ఓబులేసు అన్నదీ అదే.

పదకొండో రోజు

మా తాతల కాలంలో కూడలిలో టెంటు వేసి, మెడలో దండలు వేసుకుని రిలే దీక్షలు చేసేవాళ్లట. సాయంత్రానికి ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి నిమ్మరసం ఇచ్చి విరమింపజేసేవాడట. మాకు టెంటు లేదు, దండ లేదు, నిమ్మకాయ అంతకన్నా లేదు. తలనొప్పి మాత్రం ఉంది. గదంతా పనసపండు వాసన. మామూలప్పుడైతే భయపడి చచ్చేవాళ్లం, ఇప్పుడు ఒకరి నోరు ఒకరు వాసన చూసుకుని సంతోషిస్తున్నాం.

అన్నిటికంటే కష్టం ఖాసింబీది. జన్మంతా ఒక్కపొద్దులున్న మనిషి, పది మంది పస్తున్నవాళ్ల ఎదుట కూర్చుని తినాలి. ముద్ద ముద్దకూ కళ్లు తుడుచుకుంది. "తిను మే, ఏడిస్తే ఉప్పెక్కువైతాది" అన్నాను. ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే తినింది.

మీ కేంద్రం వాళ్లు పది గంటలకు మైకులో హెచ్చరించారు. ఆహారం నిరాకరించడం క్రమశిక్షణ ఉల్లంఘన అట. చర్య తీసుకుంటారట. ఏం చర్య? అన్నం పెట్టరా?

ఓబులేసు పట్టా దగ్గర కూర్చుని మూతలు లెక్కపెడుతున్నాడు. పొద్దున నలభై నిండు డబ్బాలు మా ముందు నుంచి తిరిగి వెళ్లాయి. మధ్యాహ్నం నూట ముప్పై. సాయంత్రం లెక్క తప్పాడు, మళ్లీ మొదలుపెడదామంటే పట్టా ఆగలేదు. మూతల మీద కాటుకతో, కుంకుమతో, గోటితో గీకి రాశారు. 'మూడో వరస ఉంది.' 'పద్నాలుగు ఉంది.' 'మా అమ్మ తినలేదు, నేను తిన్నాను' అని ఎవరో పిల్ల అక్షరాలు.

కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. ఇవాళ్టికి ఇంతే.

పన్నెండో రోజు

పొద్దున ఆరుకు ఊదాం. మా పది కంకణాలూ ఎరుపు. ఖాసింబీది ఆకుపచ్చ.

కిటికీలోంచి వేరుదీవి కనిపించింది. తెల్లటి షెడ్లు, చుట్టూ ఇసుక. షెడ్ల బయట మనుషులు తలలెత్తి మా వంక చూస్తున్నారు. ఒకామె చెయ్యి ఊపింది. రమ్మనో, వద్దనో తెలియలేదు. నేనూ ఊపాను. నాకు ఏడుపొచ్చింది. ఆ షెడ్లలో జబ్బులేని ఖాసింబీలు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసా? మీ యంత్రానికి తెలుసా?

భానుమూర్తి అద్దం దగ్గరికి వచ్చాడు. కాళ్లు తేలిపోతున్నట్టు నడిచాడు, గోడ పట్టుకున్నాడు.

"మొత్తం రెండువందల ఆరు ఎర్ర కంకణాలండీ. ఒక్కరికీ ఒళ్లు వేడి లేదు, దగ్గు లేదు, దద్దుర్లు లేవు. తొమ్మిదో వరసలో కూడా నలుగురండీ."

"ఇంగ దించండి సూస్తాం. ఎన్నిమార్లు దించుతారో" అన్నాడు ఓబులేసు.

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆయన కంకణం కూడా ఎరుపే.

"మాతో కలిసినారా సారూ?" అన్నాను.

"లేదండీ. అబద్ధం ఎందుకు, మీ మాట తప్పని తేల్చుదామని మొన్న పొద్దున్నించి నేనూ మానేశానండీ. ఆకుపచ్చ కంకణం పట్టుకొచ్చి మీకు చూపించాలనుకున్నానండీ." చొక్కా చెయ్యి మళ్లీ కిందికి లాగాడు. "ఇంతకుముందు రెండు ప్రయాణాల్లో ఏడుగురిని దించానండీ నేను."

ఆయన్ను ఓదార్చాలనీ అనిపించలేదు, తిట్టాలనీ అనిపించలేదు.

బుట్ట మీట మీద ఎర్ర కంకణం ఉన్న చెయ్యి వేస్తే అది కదలదట. మీరు పెట్టిన రూలే. మీట తిప్పాల్సిన నలుగురిలో ముగ్గురివి ఎరుపు. నాలుగో అతను ఆకుపచ్చ కంకణంతో వచ్చి, మీట దగ్గర నిలబడి, చేతులు జేబులో పెట్టుకున్నాడట. దీవి మెల్లగా వెనక్కి పోయింది. మేం కనిపించినంతసేపూ చూశాం.

అప్పుడు ఖాసింబీ లేచి అందరి డబ్బాలూ తెచ్చింది. ముద్దలో నీళ్లు కలిపి, పది మందికీ వరసగా తానే తాగించింది. ఓబులేసుకు మొదట.

పంతొమ్మిదో రోజు

ఇది రేవులో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. పలక తిరిగి ఇచ్చేయమని ఒకతను నెత్తి మీద నిలబడ్డాడు. నిలబడనీ.

పొద్దున ఏడుకు రేవు మీదికి వచ్చాం. అందరివీ ఆకుపచ్చ, ఆరు రోజులుగా ఆకుపచ్చ. మొదటిసారి గదుల మధ్య తలుపులు తెరిచారు. ఇరవై ఒకటో వరస వాళ్లను అప్పుడు చూశాం, ముఖాలు తెలియని చుట్టాల్లా ఒకరినొకరు పట్టుకున్నాం. నిచ్చెన దించారు. గాలిలో చేపల వాసన, తడి ఇసుక వాసన వచ్చింది. కంచె అవతల మా కోసం వచ్చినవాళ్లు నిలబడ్డారు.

అప్పుడు మైకులో మీ ఆజ్ఞ వచ్చింది. రెండువందల ఎనభై ఏడు మంది దిగవచ్చు. ఖాసింబీ దిగరాదు. గుమ్మడికాయలోనే మరో తిరుగుడు తిరగాలి. కారణం కూడా చెప్పారు. మా రెండువందల ఆరుగురివీ తిండి మానడం వల్ల ఎర్రబడ్డాయని కేంద్రం ఒప్పుకుంది. అయితే ఖాసింబీది అంతకుముందే రోగంగా నమోదైంది, నమోదైనది చెరపడం కుదరదు. మాది ఆకలి, ఆమెది జబ్బు. ఏం తెలివి, ఏం తెలివి!

మరో తిరుగుడు అంటే మళ్లీ వేరుదీవి మీదుగా పోవడమే. ఈసారి ఆమె పక్కన మేం ఉండం.

వరసలో అందరికంటే ముందు ఓబులేసు నిలబడి ఉన్నాడు. వాడికి భార్య కనిపించింది. చంకలో పాప, పచ్చ గౌను. "అదిగో, అదిగో" అని నా భుజం పట్టుకుని ఊపేశాడు. ఆజ్ఞ విన్నాక వాడి చెయ్యి ఆగిపోయింది. తలుపు దాకా పోయాడు. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. నేను కళ్లు మూసుకున్నాను. వాడు దిగిపోయినా నేను తిట్టేదాన్ని కాదు, ఒట్టు.

కళ్లు తెరిచేసరికి వాడు వెనక్కి వచ్చి తలుపుకు అడ్డంగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"పోరా, బిడ్డ సూస్తాండాది" అన్నాను.

"యాడికి పోయేది? కూర్చో అక్కా" అన్నాడు. చూపు మాత్రం పచ్చ గౌను మీదే ఉంది.

నేను కూర్చున్నాను. మా వరస కూర్చుంది. ఇరవై ఒకటి కూర్చుంది. తొమ్మిదో వరస వాళ్లు పిల్లల్ని ఎత్తుకుని కాసేపు గుసగుసలాడుకుని, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని వాళ్లూ కూర్చున్నారు. తలుపు తెరిచే ఉంది, నేల ముప్పై మెట్ల కింద ఉంది, ఒక్కరూ దిగలేదు. భానుమూర్తి మైకు తీసుకుని, "ఆరోగ్యాధికారి కూడా దిగట్లేదండీ" అని మీకు చెప్పాడు. ఆ అండీ నాకు మొదటిసారి నచ్చింది.

మేం దిగకపోతే గుమ్మడికాయ తిరిగి పోవడానికి లేదు. అక్కడ నీళ్లపట్నంలో మాలాంటివాళ్లు ఇంకా వేల మంది కాచుకుని ఉన్నారు. వాళ్లను ఆలస్యం చేస్తున్నారు, మీకు మనసు లేదా అని మైకులో అడిగారు. ఉంది. వాళ్లు ఎక్కబోయేదీ ఇదే గుమ్మడికాయ, కట్టుకోబోయేదీ ఇదే కంకణం. అందుకే కూర్చున్నాం.

ఖాసింబీ ఒక్కొక్కరినీ బతిమాలింది. లేవమని ఓబులేసు చెయ్యి పట్టి లాగింది. వాడు చిన్నపిల్లాడిలా తలుపు పట్టుకుని వేలాడాడు.

నాలుగు గంటలు పట్టింది. పదకొండుకు మైకు మళ్లీ గరగరలాడింది. అందరూ దిగవచ్చు, నమోదును పునఃపరిశీలిస్తాం. ఆ పెద్ద మాట అర్థం ఏమిటని భానుమూర్తిని అడిగాను. "ఓడిపోయామని చెప్పడం వాళ్లకి రాదండీ" అన్నాడు.

ఖాసింబీని ముందు దింపాం. ఆమె వెనక ఓబులేసు, తర్వాత నేను. ఆమె కాళ్లు నేల మీద పడి నాలుగడుగులు వేసిందో లేదో, కంచె అవతల ఎవరో "ఆమేనంట, ఎర్ర కంకణం ఆమేనంట" అన్నారు. అంతే, జనం మూకుమ్మడిగా వెనక్కి జరిగారు. కొంగులు ముక్కులకు వచ్చాయి. ఖాసింబీ ఉన్నచోటే నిలబడిపోయింది. గాలిలో రెండువందల ఎనభై ఏడు మంది ఆమె పక్కన ఉన్నాం. నేల మీద ఆమె ఒక్కతే అయిపోయింది.

ఓబులేసు గబగబా కంచె దగ్గరికి పోయి భార్య చేతిలోంచి పాపను అందుకున్నాడు. రెండేళ్లుగా ఎదురుచూసినవాడు. ముద్దు పెట్టుకోలేదు, గుండెకు హత్తుకోలేదు. నేరుగా వెనక్కి నడిచి వచ్చి, అందరూ చూస్తుండగా, పాపను ఖాసింబీ ముందు పట్టాడు.

"ఎత్తుకో చిన్నమ్మా."

"నేనా? వద్దప్పా, జనం సూస్తాండారు…"

"సూడనీ. సూడాలనే."

ఖాసింబీ చేతులు చాచింది. పాప కొత్త ముఖం చూసి పెదవి విరిచింది కానీ ఏడవలేదు, ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి భుజం మీద తల పెట్టింది. ఓబులేసు అప్పుడు ఏడ్చాడు, సిగ్గు లేకుండా, పెద్దగా. కంచె అవతల నుంచి ముందుగా వాడి భార్య కదిలింది. కొంగు ముక్కు మీది నుంచి తీసేసి, గేటు దాటి, ఖాసింబీ పక్కకు వచ్చి నిలబడింది.